నలుగురమ్మ

నా మనసెరిగిన వదినకు,

నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? చెల్లెలి ఇంట్లో మెట్లు ఎక్కలేకపోతున్నానని రాశావు. కింద గది ఇమ్మని నోరు తెరిచి అడుగు. నువ్వు మొహమాటపడినా మోకాళ్ళు మొహమాటపడవు.

నేను మళ్ళీ పనిలో చేరాను. ఇంట్లో కూర్చుంటే గోడలు మీదికి వస్తున్నాయి. ఆసుపత్రి లాండ్రీ ఏమీ మారలేదు. అదే ఆవిరి, అదే బ్లీచింగ్ వాసన, అదే మిషన్ల మోత. మడత బల్ల దగ్గర నీ చోట ఒక పొడుగమ్మాయిని వేశారు. మంచి పిల్లే గాని చేతులెత్తిందంటే దుప్పటి ఆకాశంలో ఉంటుంది, నేను మునివేళ్ళ మీద నిలబడాలి. మనిద్దరం అన్నేళ్ళు మడిచాం, ఒక్కరోజైనా దగ్గరికి రా అని చెప్పుకున్నామా? నువ్వు అడుగేస్తే నా కాలు దానంతటదే కదిలేది.

ఒక్కటి మాత్రం తట్టుకోలేకపోతున్నాను. గువ్వ కన్నుమూసిన వార్డు దుప్పట్లు కూడా మన దగ్గరికే వస్తాయి కదా. అన్నీ తెల్లవే, అన్నీ ఒకే కొలత. నా బిడ్డ మీద కప్పింది ఏదో ఎవరు చెప్తారు? అందుకని ప్రతిదాన్నీ అదే అనుకుని మడుస్తున్నాను. ఆలస్యమవుతోంది. సూపర్వైజర్ వచ్చి, ఏంటమ్మా దుప్పటిని జోకొడుతున్నావా, అవతల ట్రాలీలు నిండిపోయాయి అన్నాడు. అనేశాక గుర్తొచ్చింది కాబోలు, నాలుక కరుచుకుని వెళ్ళిపోయాడు. అతణ్ణేం అంటాం.

వదినా, ఇదంతా రాయడానికి కాదు కూర్చున్నది. ఇంకో సంగతి ఉంది. గొంతులో ముల్లులా దిగింది, మింగలేను, కక్కలేను.

మొన్న సెలవు రోజున గువ్వ దగ్గర చదువుకున్న పిల్ల ఒకతి ఇంటికి వచ్చింది. ముఖమంతా కళ్ళజోడే. నన్ను చూడగానే రెండు చేతులూ పట్టుకుంది. కళ్ళల్లో నీళ్ళు, ముఖంలో నవ్వు. "మీరేనా అమ్మగారూ, మా నలుగురమ్మ?" అంది.

నాకు అర్థం కాలేదు. ఎవరమ్మా నలుగురమ్మ అన్నాను. అప్పుడు చెప్పింది. మా గువ్వ కాలేజీలో ఏ పాఠం చెప్పినా నా కథతోనే మొదలుపెట్టేదట. పిల్లలందరూ కలిసి నాకు పెట్టుకున్న పేరట అది. మా మేడం పాఠాల్లో సగం మీరే అమ్మగారూ అని ఎంతో సంబరంగా చెప్పింది, నాకేదో కిరీటం తెచ్చి పెట్టినట్టు.

దాని పాఠం ఏమిటో నాకు ఏనాడూ సరిగ్గా తెలియదు వదినా. ఒకసారి అడిగితే, మనిషికీ లోకానికీ తగువమ్మా, ఆ తగువు గురించి చెప్తాను అంది. ఎవరు గెలుస్తారే అన్నాను. లోకమే, కానీ మనిషి గెలిచాననుకునేలా గెలుస్తుంది అని నవ్వింది. ఉద్యోగం ఉంది, జీతం వస్తోంది, నాకంతే చాలు అనుకున్నాను. దాని గది గోడకు ఎవరో పాతకాలపు పెద్దమనుషుల బొమ్మలు వరసగా ఉండేవి, నువ్వు కూడా చూశావు. ఒకాయనకు గుండెల దాకా గడ్డం, ఒకాయన చేతిలో చుట్ట. వీళ్ళు మన వాళ్ళెవరైనా అనుకుంటారే చూసినవాళ్ళు అంటే, నా తాతలేలే అమ్మా అనేది. అడ్డాలనాడు బిడ్డలు గాని గడ్డాలనాడు బిడ్డలా అంటారు. నా బిడ్డకు గడ్డం రాకపోయినా ఆ గడ్డాల వాళ్ళు నా దగ్గరనుంచి లాక్కుపోయారు. అయినా వారానికోసారి బొమ్మల దుమ్ము తుడిచేదాన్ని. ఇప్పటికీ తుడుస్తున్నాను.

ఆ కళ్ళజోడు పిల్ల చెప్పిన కథలు విను. ఉతికిన కిటికీ పరదాని నేను వీధి వైపు మాత్రమే ఇస్త్రీ చేస్తానట. దాన్ని చిన్నప్పుడు తిట్టాలంటే ముందు లేచి తలుపు గడియ పెట్టి, అప్పుడు తిట్టేదాన్నట. గట్టిగా నవ్వితే నలుగురూ వింటారు మెల్లగా నవ్వు అనేదాన్నట. ఒకసారి బస్సులో అది సీటు మీద కాళ్ళు పెట్టుకుంటే, దించు, నలుగురూ చూస్తున్నారు అన్నానట. వెనక్కి తిరిగి చూస్తే బస్సంతా ఖాళీ. డ్రైవరూ మేమిద్దరమే. ఎవరమ్మా ఆ నలుగురు అంటే నోరుమూయమన్నానట. "బస్సులో లేని ఆ నలుగురూ మా అమ్మ లోపల కాపలా కూర్చున్నారు, మీ లోపల ఎవరు కూర్చున్నారో చూసుకోండి" అని చెప్పేదట క్లాసులో. తల్లీతండ్రీ ఎప్పుడో అదిలించిన మాటలే పెద్దయ్యాక మన లోపల కావలివాళ్ళై కూర్చుంటాయట. లోకం అనేది మనం పుట్టకముందే ఉండి, మనం పోయాక కూడా ఉండి, గాలిలా ఒత్తుతూనే ఉంటుందట. ఎదురెళ్ళినప్పుడే దాని బరువు తెలుస్తుందట.

పిల్లలందరూ ఏం చేసేవారమ్మా ఇవి విని అన్నాను. పడీ పడీ నవ్వేవాళ్ళం అమ్మగారూ అంది.

నేను అన్నవన్నీ నిజమే, చేసినవీ నిజమే. కానీ ఇంటి మాట అది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు, నా కూతురు నా కడుపు చించి ముక్కూమొహం తెలియని పిల్లల ముందు పరిచింది. ఎన్ని క్లాసులో, ఎంతమంది పిల్లలో. మగదిక్కు లేని కొంప మీద మాట పడకూడదని పళ్ళ బిగువున బతికాను వదినా. ఎవరి కోసం ఆ పరువు? దాని కోసమే కదా.

ఇంతకీ ఆ పిల్ల వచ్చిన పని వేరు. గువ్వ సగంలో వదిలేసిన పాఠం ఒకటి ఉందట. దాని జాగాలో వచ్చిన కొత్త మాస్టారు ఆ పాఠాన్ని దాని జ్ఞాపకార్థం పూర్తి చేస్తాడట, నన్ను వచ్చి కూర్చోమని అడగడానికి వచ్చింది. నేను రానన్నాను. ఇంకో మాట కూడా అన్నాను. "ఇకనుంచి ఆ క్లాసులో నా ఊసు ఎత్తడానికి వీల్లేదు. మీ మాస్టారుకి కూడా చెప్పు" అన్నాను. పాపం ఆ పిల్ల ముఖం మాడిపోయింది. మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళింది.

నేను చేసింది తప్పంటావా?

దుప్పటికి ఇవతల కొస,
నీ వదిన

*

వదినా,

నీ ఉత్తరం చదివి నీ మీద కూడా కోపం వచ్చింది. తల్లి గురించి నవ్వకపోతే ఊళ్ళోవాళ్ళ గురించి నవ్వుతుందా అని రాశావు. నీకేం, హాయిగా చెల్లెలి ఇంట్లో కాళ్ళు చాపుకుని ఎన్నైనా రాస్తావు. నువ్వు రాసింది నిజమేనేమో అని రెండు రోజులు తిప్పి తిప్పి చదివాను. కోపం తగ్గలేదు.

అది బతికి ఉంటే ఏం చేసేదాన్నో తెలుసా? రానీ దీని సంగతి చెప్తాను అని గుమ్మంలో నిలబడేదాన్ని. చెప్పులు విప్పకముందే అడిగేసేదాన్ని. అది నాలుగు అనేది, నేను పది అనేదాన్ని. అన్నం మానేసేదాన్ని. అది వచ్చి గడ్డం పట్టుకునేది. అయిపోయేది. ఇప్పుడు ఎవరితో పోట్లాడను? ఉన్నవాళ్ళతో తగువు ఎప్పటికైనా తీరుతుంది గాని, పోయినవాళ్ళతో వచ్చిన తగువుకి అంతు ఎక్కడ? గోడ మీద గడ్డం తాతలనే నిలదీశాను ఒకరోజు, నా పిల్లకి మీరు నేర్పింది ఇదేనా అని. చుట్ట తాత కనీసం కన్ను కూడా తిప్పలేదు.

పనిలో కూడా నేను మనిషిలా లేను. మొన్న పొడుగమ్మాయి దుప్పటి మధ్యలో వదిలేసిందని మొత్తం లాగి దాని మీదికే విసిరాను. అత్త మీద కోపం దుత్త మీద. ఆ పిల్ల దుప్పటి ఎత్తి, దులిపి, మళ్ళీ ఒక కొస నాకు ఇచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను.

కళ్ళజోడు పిల్ల మళ్ళీ వచ్చింది. ఈసారి గుమ్మం దాటలేదు. మీ మనసు నొప్పించాను, మా మేడం ఉంటే నన్ను చంపేసేవారు అని తల వంచుకుంది. రమ్మని కూర్చోబెట్టాను. ఆ వయసు పిల్ల ముఖం చూస్తూ ఎంతసేపు నిలబెట్టగలను?

ఊరికే ఉండలేక, ఇలా కోపం వస్తోందమ్మా నాకు, కూతురు పోతే ఏ తల్లికైనా కోపం వస్తుందా అని అడిగాను. మేడం చివరగా మొదలుపెట్టిన పాఠం అదే అమ్మగారూ అంది. దుఃఖం అనేది ఒక పనట. మనిషి పోయాక వాళ్ళ జ్ఞాపకాలను ఒక్కొక్కటే బయటికి తీసి, చూసి, ముడి విప్పి, పక్కన పెట్టాలట. ఎంతో మెల్లగా సాగే పనట. పోయినవాళ్ళ మీద కోపం రావడం కూడా అందులో ఉందట. ఆ కోపాన్ని ఒప్పుకోలేనివాళ్ళు దాన్ని తమ మీదికే తిప్పుకుని, నేనే పాపిష్టిదాన్ని అని కృశించిపోతారట. అక్కడిదాకా చెప్పి మేడం సెలవు పెట్టారు, మళ్ళీ రాలేదు అంది.

పని అంటే నాకు తెలుసు వదినా. తీయడం, చూడడం, విప్పడం, పక్కన పెట్టడం, అంతా లాండ్రీ పనే. కానీ మన పనికి సాయంత్రం బెల్లు ఉంది. దీనికి బెల్లు ఎక్కడ? ఆ మాట అడిగాను. మేడం అది చెప్పలేదు అంది.

మీ మాట మాస్టారుకి చెప్పాను, క్లాసులో మీ పేరు రాదు, మీరు వస్తే చాలు అంది వెళ్ళేముందు. సరే అన్నాను. పాఠం వినడానికి కాదు. అది నిలబడిన చోటు ఎలా ఉంటుందో చూడాలని. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా దాని కాలేజీ గేటు దాటలేదు నేను. నలుగురిలో నా చీరా నా చేతులూ చూసి దాన్ని తక్కువగా అనుకుంటారేమో అని. చూశావా, ఇది రాస్తుంటే కూడా వచ్చి కూర్చున్నారు ఆ నలుగురూ.

నీ వదిన,
ఇంకా కోపంగానే

*

ప్రాణమైన వదినకు,

వెళ్ళాను. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఇది నీకు తప్ప ఇంకెవరికీ రాయలేను. ఎందుకో చివరికి తెలుస్తుంది.

క్లాసు గది మన మడత గది అంత ఉంటుంది. కిటికీలు పెద్దవి, ఫ్యాను ఒకటి తిరుగుతుంది, ఒకటి తిరగదు. వెనక బెంచీలో గోడ పక్కన కూర్చోబెట్టారు నన్ను. పిల్లలందరూ లేచి నిలబడి మళ్ళీ కూర్చున్నారు. కొత్త మాస్టారు కుర్రవాడే, మెడ దాకా బొత్తాలు పెట్టుకుని ఉన్నాడు. నాకు దూరం నుంచే నమస్కారం పెట్టాడు, నిప్పుకి పెట్టినట్టు.

పాఠం మొదలుపెట్టాడు. సంఘం అన్నాడు, వ్యక్తి అన్నాడు, ఒకాయన ఇలా నిర్వచించాడు, ఇంకొకాయన అలా ఖండించాడు అన్నాడు. తప్పేమీ చెప్పి ఉండడు. పిల్లలు తలలు వంచి రాసుకుంటున్నారు. ఒక్కడూ తల ఎత్తలేదు. నవ్వు లేదు. తిరిగే ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. కాసేపటికి ఒక పిల్లవాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆవలించాడు.

ఎదురుచూస్తున్నాను వదినా. దేని కోసమో మొదట నాకే తెలియలేదు. నా బిడ్డ ఇక్కడ ఎక్కడో ఉంటుందనుకుని వచ్చాను. ఆ బల్ల దగ్గర లేదు, బోర్డు దగ్గర లేదు, ఆ మాటల్లో అసలే లేదు. అప్పుడు తట్టింది. నన్ను తీసేయమని నేనే చెప్పాను. వాళ్ళు మర్యాదగా తీసేశారు. నాతోపాటు అది కూడా పోయింది. అది నన్ను పట్టుకునే నడిచింది ఆ పాఠాల్లో, నేను చెయ్యి విడిపించేశాను.

ఎలా లేచానో తెలియదు. "బాబూ, ఒక్క నిమిషం" అన్నాను. గది మొత్తం వెనక్కి తిరిగింది. నలుగురు కాదు, నలభైమంది. నేనే నలుగురమ్మని, మా అమ్మాయి నా గురించి మీకేం చెప్పిందో నాకు చెప్పండి అని అడిగాను.

మాస్టారు ముఖంలో చెమటలు. కళ్ళజోడు పిల్ల నన్ను చూసి తల అడ్డంగా ఊపింది, వద్దులెండి అన్నట్టు. నేనే మొదలుపెట్టాను. పరదా సంగతి నిజమే, అవతలి వైపు ఇస్త్రీ చేస్తే ఎవరికి కనపడుతుంది, కరెంటు దండగ అన్నాను. ముందు బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకొకడు లేచి, అమ్మగారూ బస్సులో నిజంగా ఎవ్వరూ లేరా అన్నాడు. డ్రైవరు ఉన్నాడు కదయ్యా, అద్దంలోంచి చూడడూ అన్నాను. గది మొత్తం నవ్వింది. ఆ నవ్వు వినాలని ఎంత భయపడ్డాను. తీరా వస్తే, అందులో వెటకారం ఎక్కడుందా అని వెతికాను, దొరకలేదు. వాళ్ళ అమ్మల గురించి నవ్వుకుంటున్నారు వాళ్ళు. మా అమ్మ కూడా అంతే అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. ఒక్కొక్కరే లేచి అది చెప్పినవి చెప్పారు. వాళ్ళ గొంతుల్లో అది చేతులు తిప్పే తీరు కూడా ఉంది వదినా, మాట మధ్యలో ఆగి కనుబొమ్మ ఎగరేయడం కూడా ఉంది.

అప్పుడు కిటికీ పక్కన ఒక పిల్లవాడు, పెద్దగా మాట్లాడే రకం కాదు, లేచి నిలబడ్డాడు. ఒకటి అడగొచ్చా అమ్మగారూ, అది నవ్వే కథ కాదు అన్నాడు. అడుగు బాబూ అన్నాను.

మేడం వాళ్ళ నాన్నగారు పోయిన రోజు కథ అన్నాడు. కబురు వచ్చాక మీరు ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదట. మూలన కూర్చుని గుమ్మంలో చెప్పులన్నీ తెచ్చుకుని జతలు జతలుగా సర్దారట. ఇరుగుపొరుగు వచ్చి, అయ్యో ఏడవడం లేదేంటి అని ఒకరు అనగానే ఇల్లు దద్దరిల్లేలా ఏడ్చారట. మా అమ్మ ఎవరో చూస్తున్నారని ఏడ్చిందా, లేక నిజంగా ఏడ్చిందా అని చాలా ఏళ్ళు అనుమానపడ్డాను, ఆ అనుమానమే నన్ను ఈ చదువులోకి తెచ్చింది అని మేడం చెప్పేవారు అన్నాడు.

వదినా, ఆ రోజు మొదట వచ్చింది నువ్వే. ఎవరు ఏడ్చారో నీకు తెలుసు. కబురు విన్నచోటే నేను పడిపోయాను. నేల మీద తల కొట్టుకుంటుంటే నువ్వే నా తల కింద చెయ్యి పెట్టావు, నీ వేళ్ళు కమిలిపోయాయి. చెప్పులు సర్దింది నేను కాదు. పదేళ్ళ గువ్వ. ఎవరో, తండ్రి పోయినా ఈ పిల్ల కంట నీరు లేదు చూడండి అన్నారు. అప్పుడు ఘొల్లుమంది. నువ్వే దాన్ని ఒళ్ళోకి తీసుకున్నావు.

ఆ తర్వాత ఎప్పుడో ఒకరోజు జడ వేస్తుంటే, "అమ్మా, నేను నాన్న కోసం నిజంగా ఏడ్చానా?" అని అడిగింది. ఏడ్చావు కదే అన్నాను. మళ్ళీ ఎన్నడూ అడగలేదు. మరిచిపోయిందనుకున్నాను. పాతికేళ్ళు మోసింది వదినా. ఆ గడ్డాల తాతలందరి దగ్గరికీ వెళ్ళి అడిగింది అదేనేమో. తన పేరుతో చెప్పుకునే ధైర్యం చాలక నా పేరు పెట్టుకుని చెప్పింది. బరువైన మూట ఏదైనా చిన్నప్పటినుంచీ నా చేతికే ఇచ్చేది కదా.

పిల్లవాడు నిలబడే ఉన్నాడు. నిజమేనా అమ్మగారూ అన్నాడు. అందరూ నా వైపే చూస్తున్నారు. భర్త పోయినా కన్నీరు పెట్టని ఆడది అని ఇంతమందీ అనుకుంటారు. జీవితమంతా ఏ మాటకు భయపడ్డానో ఆ మాటే.

"అవును బాబూ, నేనే" అన్నాను.

కళ్ళజోడు పిల్ల లేచింది. అయితే ఆ ఏడుపు నిజమైనదేనా అని అడిగింది. అచ్చం అదే మాట. గొంతు మాత్రం వేరు.

చెప్పాను. నిజమైనదేనమ్మా అన్నాను. మరీ పెద్ద దెబ్బ తగిలితే నొప్పి వెంటనే తెలియదు. అప్పుడు ఎవరో ఒకరు వచ్చి, అయ్యో రక్తం కారుతోంది అనాలి. వాళ్ళు అంటే వచ్చినంత మాత్రాన అది వాళ్ళది కాదు, దొంగది కాదు, నీదే అన్నాను. నీదే అన్నానో నాదే అన్నానో గుర్తులేదు. ఎవరూ పట్టించుకోలేదు. పిల్లలు రాసుకుంటున్నారు. మాస్టారు కూడా రాసుకుంటున్నాడు.

ఇంత తేలిగ్గా చెప్పేశాను వదినా, గుక్క తిప్పుకోకుండా. ఆ జడ వేసిన రోజు ఈ మాటలు నా నోట రాలేదు, అప్పుడు నాకు తెలియవు మరి. ఇప్పుడు తెలిశాయి. పరాయి పిల్లలు నలభైమందికి చెప్పాను. ఆనాడు అడిగిన నా పిల్లకి చెప్పడానికి మాత్రం ఏ దారీ లేదు.

ఆ రోజు సంగతి తెలిసినదానివి నువ్వొక్కతివే. ఎవరైనా అడిగితే ఏడవనిది నేనే అని చెప్పు.

గువ్వ వాళ్ళమ్మ